నిప్పుకి కాలని గుడ్డ

"తాతయ్యా, ఫోను ఇక్కడ స్టూలు మీద పెట్టా. డాక్టరు గారు అడిగినట్టు మొదట్నించీ చెప్పు. ఓడలో నువ్వు చేసిన పనేంటి, ఎన్నేళ్లు చేశావు?"

ఉండు, అది రికార్డవుతోందా? ఎర్ర చుక్క వచ్చిందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించమ్మా, దాని మోతలో నా గొంతు పడదు. నాకు ఊపిరి సగమే కదా. కుడి పక్కది పని మానేసింది, పాపం ఎడమది రెండిళ్ల చాకిరీ చేస్తోంది.

చెప్తా. డాక్టరు కోసం చెప్పేది డాక్టరు కోసం చెప్తా. దాంతోపాటు నీకు చెప్పాల్సింది ఒకటుంది షారోనూ, అది ఆయనకి కాదు. సోమవారం మీ పాపని బళ్ళో వేస్తున్నారని మీ నాన్న చెప్పాడు. మా అక్క, అదే మీ నాయనమ్మ, పెట్టెలోంచి ఆ గుడ్డ తీస్తానంటోందంట. ఆ గుడ్డ తియ్యకూడదు. ఎందుకో చెప్తా. మధ్యలో మాటల్లో పడి ఎటో పోతా, నాకు తెలుసు. పోతే గుర్తు చెయ్యి.

నేను పుట్టింది జగ్గయ్యపేట అవతల, పాలేరు ఏటి పక్కన పల్లెలో. అమ్మా నాన్నా ఇద్దరూ కూలికి పోయేవాళ్లే. మిరపకాయ కోతలు, పత్తి తీతలు. అయితే అమ్మకి ఇంకో విద్య ఉంది. గాదెలు అలకడం. ధాన్యం పోసుకునే వెదురు గాదెలుండేవి కదా... నువ్వెక్కడ చూస్తావులే. దానికి మట్టీ పేడా కలిపి లోపలా బయటా అలకాలి, సందు లేకుండా. పేటలో పెద్ద రైతులందరూ అమ్మనే పిలిచేవాళ్లు. నేనూ వెంట పోయేవాణ్ణి. "వేళ్లతో కాదురా, అరచేతి కింద మెత్తగా ఉంటది చూడు, దాంతో తొయ్యి" అనేది. ఆ ముక్క గుర్తు పెట్టుకో. తర్వాత పనికొస్తుంది.

నేవీలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని మా బడి మాస్టారు చెబితే బెజవాడ వెళ్లా. అప్పుడు పేట నుంచి బెజవాడకి బస్సు టిక్కెట్టు రూపాయిన్నర. కాదు, రెండు. ఊహు, రెండు తర్వాత అయింది. సరేలే. ఈతొచ్చా అనడిగారు. పాలేట్లో పెరిగినవాణ్ణి, వచ్చన్నా. ఈతొచ్చిందని తీసుకుని, తీసుకెళ్లి నిప్పుల దగ్గర పెట్టారు. బాయిలర్ రూములో. పదిహేనేళ్లు చేశా. అందులో తొమ్మిదేళ్లు ఒకే ఓడ. దాని పేరు వద్దులే, ఎప్పుడో తుక్కయిపోయింది. ఇంగ్లీషోళ్ల కాలం నాటి ఓడ. పైన రంగులేసి ముస్తాబు చేసేవాళ్లు, లోపలంతా ముసలిదే.

ఊళ్లో అందరూ అడిగేవాళ్లు, సముద్రం ఎట్టా ఉంటదని. ఏం చెప్తా? మేం నీళ్ల మట్టానికి కింద ఉండేవాళ్లం. నాకు సముద్రమంటే ఇనప గోడకి అవతల చప్పుడు. అంతే. పగలో రాత్రో తెలిసేది కాదు. వేడి, ఆవిరి ఈల, నూనె వాసన. డ్యూటీ అయ్యి నిచ్చెనెక్కి పైకొస్తే ఒక్కసారిగా అంత నీలం. కళ్లు చెదిరేవి. కాసేపు చూసి పడుకోవడానికి మళ్లీ కిందికే.

కిందంతా గొట్టాలు. నీ నడుమంత లావువి, మోచెయ్యంతవి. వాటిల్లో ఆవిరి పోతా ఉంటుంది, తగిలితే తోలు ఊడొస్తుంది. అందుకని గొట్టాలకి తెల్లగా ఒకటి చుట్టేవాళ్లు. లాగింగ్ అనేవాళ్లం. చూస్తే ఓడకి లోపలంతా దెబ్బలు తగిలి కట్లు కట్టినట్టు ఉండేది. ఆ తెల్లదే ఆస్‌బెస్టాస్. మన నెత్తిమీద ఈ సిమెంటు రేకుల్లో ఉండేదీ అదే జాతంట. ఇందులో సిమెంటుతో బిగిసిపోయి ఉంటుంది, విరగ్గొడితేనే భయం అన్నాడు డాక్టరు. మా దగ్గరది విడి పీచు. పట్టుకుంటే దూదే.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు మేం ఆ ఓడలోనే ఉన్నాం. పైన ఫిరంగి పేలేది. పేలినప్పుడల్లా ఓడ ఒళ్లు జలదరించేది. జలదరించినప్పుడల్లా గొట్టాల మీంచి తెల్లగా రాలేది. సన్నగా, నెమ్మదిగా, తొందరేం లేనట్టు. లైటు వెలుగులో తిరుగుతూ తిరుగుతూ దిగేది. పేటలో పత్తి మిల్లు కిటికీలోంచి చూస్తే దూది ఎగురుతూ కనపడేది చూడు, అట్టా. చెవులు పనిచేసేవి కాదు కదా ఆ మోతకి, అందుకని అదంతా చప్పుడు లేకుండా కలలో జరుగుతున్నట్టు ఉండేది. టీ మగ్గులో పడి మీగడలాగా తేలేది. చిటికెన వేలితో పక్కకి నెట్టి తాగేవాళ్లం. శత్రువుని నేను చూళ్లా తల్లీ. యుద్ధమంటే నాకు ఆ తెల్లగా రాలడమే. ఎంత బాగుండేదో. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే రాలతానే ఉంటుంది. ఇది చెబితే డాక్టరు రాసుకోడనుకో.

యుద్ధం అయ్యాక ఓడని బొంబాయిలో మరమ్మతుకి పెట్టారు. పాత లాగింగ్ అంతా పగలగొట్టి ఊడదియ్యాలి, కొత్తది వెయ్యాలి. నాకు జోడీ కుట్టన్ అని మలయాళీ. నవ్వితే బాయిలర్ కూడా నవ్వేది. ఇద్దరం సుత్తులతో కొడుతుంటే ఒకరి మొహం ఒకరికి కనపడేది కాదు, అంత దుమ్ము. ముక్కు దురదెత్తితే రుమాలు కట్టుకునేవాళ్లం, చెమటకి తడిసి ఊపిరాడక మళ్లీ తీసేసేవాళ్లం. కుట్టన్ దాన్ని ఉండలు చేసి నా మీద విసిరేవాడు. "చూడు, కాశ్మీరు!" అని. అతనూ మంచు చూళ్లా, నేనూ చూళ్లా. మాకదే కాశ్మీరు.

కొత్తది వెయ్యడమంటే, పొడి బకెట్లో పోసి నీళ్లు కలిపి ముద్ద చేసి గొట్టం మీద పెట్టి సాపు చెయ్యాలి. అందరూ తాపీ పెట్టి కిందా మీదా పడేవాళ్లు. నేను తాపీ పక్కన పడేసి అమ్మ చెప్పినట్టు అరచేతి కింద మెత్తతో తోశా. గాదె అలికినట్టు అలికా. మా పైవాడు, పంజాబీ ఆయన, చెయ్యేసి నిమిరి చూసి "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. మా అమ్మ దగ్గరన్నా. ఇంక అప్పట్నించి ఆ పని ఎక్కడున్నా నాకే. ఎంత పొంగిపోయానో. వట్టి చేతులతో, మోచేతుల దాకా, నెలల తరబడి.

ఏంటి, గుడ్డా? ఆఁ, గుడ్డ. దానికే వస్తున్నా.

ఆ పీచుతో నేసిన బట్ట ఉండేది. గొట్టాల వంపుల దగ్గర చుట్టడానికి. తానులు తానులు. నిప్పులో వేస్తే కాలదు. ఇంకా తెల్లబడి వస్తుంది. ముక్కలు మిగిలితే అందరూ ఇళ్లకి తీసుకెళ్లేవాళ్లు, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నాకప్పుడే పెళ్లి కుదిరింది. సెలవు మీద వస్తూ గజంన్నర ముక్క పెట్టెలో పెట్టుకొచ్చా. బొంబాయి నుంచి అందరూ చీరలు తెస్తారు, నేను అది తెచ్చా.

పెళ్లినాడు వంటలకి గాడిపొయ్యి తవ్వారు. జనమంతా ఉన్నారు. నేను కొత్త ప్యాంటులో వెళ్లి ఆ గుడ్డని అందరూ చూస్తుండగా పొయ్యిలో వేశా. "అయ్యో, బంగారం లాంటి గుడ్డ" అని ఆడవాళ్లు అరిచారు. కాసేపుంచి కర్రతో బయటికి లాగి దులిపా. మల్లెపూవులాగా ఉంది. పిల్లలు చప్పట్లు. మా సంఘపెద్ద కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నేను మూడు సార్లు వేసి తీశా. మూడు సార్లూ దులిపా. పెళ్లికొడుకుని కదా.

మీ నాయనమ్మ ఊరుకుంటుందా? "అంతా పెళ్లానికేనా? నిన్ను చంకన మోసినదాన్ని నాకు లేదా?" అంది. మంచం మీద పరిచి కత్తెరతో రెండు ముక్కలు చేశా. సగం పెళ్లికూతురు సువార్తకి, సగం అక్కకి. "నీ సగం కాస్త పెద్దదొదినా" అని సువార్త నవ్వింది. "పెద్దదాన్ని, పెద్దదే వస్తది" అంది అక్క, మడిచి చంకలో పెట్టుకుంటూ.

సువార్త తన ముక్కని వంటింట్లో వాడింది. అన్నం గిన్నె దించడానికి. చెయ్యి కాలదు కదా, మురిసిపోయేది. బొంబాయి క్వార్టర్సుకి వచ్చినా అదే, ఇక్కడ నందిగామ వచ్చినా అదే. మురికైతే బండకేసి బాదేది. వారానికోసారి నా బాయిలర్ సూట్లు మూటగట్టి తెచ్చేవాణ్ణి. నీలం సూట్లు, తెల్లగా పిండి రాసినట్టు ఉండేవి. నానబెట్టే ముందు గుమ్మంలో నిలబడి దులిపేది. "మీరు ఓడలో పని చేస్తారా, పిండిమరలోనా?" అనేది. ఆ దులిపే చప్పుడు... పట్, పట్ అని. పొద్దున ఎండ పడేది గుమ్మంలో. ఆ ఎండలో తెల్లగా లేచేది. మధ్యలో ఆవిడ.

మాకు పిల్లల్లేరు. నేవీ నుంచి వచ్చేశాక నందిగామలో బ్యాంకు దగ్గర తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నా, రిటైరయ్యే దాకా. అక్క పిల్లలే మా పిల్లలు. ఇది నీకు తెలుసు.

ఇప్పుడు అక్క సగం సంగతి. అక్క దాన్ని వంటకి వాడలా. "నిప్పుకి కాలందాన్ని నిప్పు దగ్గరే పెడితే ఏం తెలివి?" అంది. చందర్లపాడులో వాళ్లది తాటాకు ఇల్లు. పల్లె మొత్తం తాటాకే. ఎండాకాలం వస్తే అందరి కళ్లూ చూరు మీదే. అందుకని ఆ గుడ్డలో కాయితాలు చుట్టి రేకు పెట్టెలో పెట్టింది. మీ నాన్న టెన్త్ సర్టిఫికెట్టు, ఇంటి స్థలం పట్టా.

ఒక రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పల్లె అంటుకుంది. మనుషులందరూ చేలల్లో ఉన్నారు, బతికారు. ఒక్క ఇల్లు మిగల్లా. సాయంత్రం బూడిదలో పెట్టెలు వెతుక్కున్నారు. రేకు పెట్టెలన్నీ ఉన్నాయి, తెరిస్తే లోపల నల్ల పొరలు. ముట్టుకుంటే రాలిపోయాయి. అక్క తన పెట్టె తెరిచి గుడ్డ విప్పింది. సర్టిఫికెట్టు అంచులు గోధుమ రంగయ్యాయి. అక్షరం చెక్కుచెదరలా. మీ నాన్న ఆ కాయితంతోనే ట్రైనింగుకి వెళ్లాడు, పంతులయ్యాడు. మీరందరూ చదివారు. మిగతా ఇళ్ల పిల్లలు నకలు కాయితాలకి తిరిగి తిరిగి, కొందరు విసిగి కూలికే పోయారు.

అప్పట్నించీ అది గుడ్డ కాదు మీ ఇంట్లో. మీ తమ్ముడు, నువ్వు, మీ చిన్నాన్న పిల్లలు, ఎవర్ని బళ్ళో వేసినా ముందు ఆ గుడ్డ తీసి, గుమ్మంలో దులిపి, తల మీంచి భుజాల మీదికి కప్పి ప్రార్థన చేస్తుంది అక్క. నీకు గుర్తుందా? నిన్ను బళ్ళో వేసిన రోజు నేనూ ఉన్నాగా. ప్రార్థన మధ్యలో నువ్వు ముక్కు నలుపుకుని నలుపుకుని గట్టిగా తుమ్మావు. అందరం నవ్వాం. "చదువు తలకెక్కిందే" అంది సువార్త. నేను అందరికంటే గట్టిగా నవ్వా షారోనూ.

భయపడమాకు. డాక్టర్ని నీ గురించే ముందడిగా. ఒక్కసారి కప్పుకున్నదానికీ మేం ఏళ్ల తరబడి అందులో ఈదినదానికీ పోలిక లేదన్నాడు. కానీ తెలిసి తెలిసి ఆ పీచుని చిన్నపిల్ల ఊపిరిలోకి పంపాల్సిన పనేముంది అన్నాడు. అదెంత పాతబడితే అంత ఎక్కువ రాలుద్దంట.

ఆ డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లానో చెప్పలా కదా. కుట్టన్ కూతురు ఫోన్ చేసింది పోయినేడు. నాన్న పోయారంకుల్, ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే జబ్బంట, మీరూ చూపించుకోండి అని. నాకప్పటికే ఆయాసం. సరేనని బెజవాడ వెళ్లా. ఊరు పేరు వినగానే డాక్టరు సిమెంటు ఫ్యాక్టరీలో చేశారా అన్నాడు. జగ్గయ్యపేట అంటే అందరూ అదే అడుగుతారు. కాదండి, ఓడలో అన్నా. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఏం పని, ఏ గొట్టాలు, అన్నీ అడిగాడు. ఆఖర్న అడిగాడు, "మీ బట్టలు ఇంట్లో ఎవరు ఉతికేవారు?" అని.

మా ఆవిడండి అన్నా.

ఆవిడ ఎలా ఉన్నారు?

లేరండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. టీబీ అన్నారు, మందులు వాడాం, తగ్గలా.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. అది టీబీయో, మీకున్న ఈ పీచు జబ్బో ఇప్పుడు ఎవరూ చెప్పలేరండి అన్నాడు. మంచివాడు. చెప్పలేరు, నిజమే. కానీ బస్సులో తిరిగొస్తూ నాకు వంటింటి ముక్క గుర్తొచ్చింది. అదేమైందా అని. ఎవరూ పారెయ్యలా దాన్ని. ఏటేటా పల్చబడి, చిల్లులు పడి, ఒకనాటికి లేకుండా పోయింది. అరిగిపోయిందిలే అనుకున్నాం. అరిగిపోవడమంటే ఏంటమ్మా? ఎక్కడికి పోయినట్టు? ఆ ఇంట్లోనే కదా ఉంది. మా ఇద్దరిలోకే కదా పోయింది.

...నీళ్లివ్వు. చాలు, చాలు.

నిన్న సాయంత్రం అక్కకి ఫోన్ చేశా. అక్కా, ఆ గుడ్డ తియ్యమాకు అన్నా.

"ఏరా, ఇచ్చింది యాభై ఏళ్ల తర్వాత తిరిగి అడుగుతున్నావా?" అంది.

అడగడం కాదు, అది మంచిది కాదంట.

"నా కొడుకు బతుకు మిగిలింది దాంట్లో. మంచిది కాదంట! ఎవడన్నాడు?"

డాక్టరు.

"ఆ డాక్టరు ఆవేళ పల్లెలో ఉన్నాడా? నాతోపాటు బూడిద తవ్వాడా?" అని టక్కున పెట్టేసింది.

తనదీ నిజమే. ఆ గుడ్డ మీ నాన్నకి ఉద్యోగమిచ్చింది. ఇంకో సగం... చెప్పలేం అన్నాడు కదా డాక్టరు, నేనూ చెప్పను. ఒక్క గుడ్డే. నా కత్తెరే.

పొద్దున మళ్లీ చేశా. అక్కా, దాన్ని పారెయ్యమనట్లా. నాకియ్యి. నేను పోయినప్పుడు నా పెట్టెలో పెట్టించు, నాతోపాటు మట్టిలో ఉంటుంది అన్నా. నేనే తెచ్చా, నేనే తీసుకుపోతా. డాక్టర్నీ అడిగా, మూట విప్పకుండా లోతుగా పాతితే ఎగరదన్నాడు.

"నోరు ముయ్యి. నాకంటే చిన్నోడివి" అంది. ఊపిరి వినపడుతోంది. ముక్కు చీదింది. అప్పుడడిగింది. "అట్టయితే పాప తల మీద ఏం కప్పాలిరా?" అని.

మళ్లీ చేస్తానని పెట్టేశా.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. రేపు చందర్లపాడు వెళ్లు. పాపని తీసుకెళ్లమాకు. గట్టి మాస్కు పెట్టుకో, కరోనాప్పుడు డాక్టర్లు పెట్టుకున్నారే, అది. పెట్టె మెల్లగా తెరిచి, గుడ్డ మీద నీళ్లు చల్లు, బాగా తడవాలి. విప్పొద్దు, దులపొద్దు, కత్తెర పెట్టొద్దు. కాయితాలు ఇప్పుడు అందులో లేవు, మీ నాన్న బీరువాలో ఉన్నాయి. తడిసినదాన్ని తడిసినట్టే పాలిథిన్ సంచిలో, ఆ సంచి ఇంకో సంచిలో పెట్టి టేపు వేసెయ్యి. పెట్టె తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డనీ అందులోనే పడెయ్యి. తెచ్చి నాకియ్యి. నా నేవీ పెట్టెకి తాళముంది. ఎన్నాళ్లో ఉండదులే అక్కడ. ఏడవకు. ఏడిస్తే రికార్డులో పడుద్ది, డాక్టరు వింటాడు.

అక్క మాటకి జవాబు ఇందాక, నీతో చెబుతుంటే తట్టింది. సోమవారం పొద్దున్నే ఆటో మాట్లాడు నాకు. చందర్లపాడు ఎంత దూరం, ఆగి ఆగి వస్తా. గుడ్డ వద్దు. పాప తల మీద నా చెయ్యి పెడతా. ఒక చెయ్యి నాది, ఒక చెయ్యి అక్కది. గాదెలు అలికిన చెయ్యే కదా, మా అమ్మ నేర్పిన చెయ్యే. సబ్బుతో కడుక్కునే వస్తాలే, అట్టా చూడమాకు.

పాప తుమ్మదు. తుమ్మినా వట్టి తుమ్మే అవుతుంది. దానికి గుండె నిండా గాలి ఆడాలి తల్లీ, ఎడమా కుడీ రెండూ. పరిగెత్తి బడికి పోవాలి, గంట కొట్టేలోపు, ఆయాసం లేకుండా... అరుచుకుంటా... అంతే. ఇంకేం ఉంది...

ఫ్యాను పెంచుకో. నీకు చెమట పడుతోంది.